శీతపరీక్షయు స్వదేశీయును

సైన్యమునకు వలయు వస్తుజాతమంతయు స్వదేశముననే తయారు కావలెనని ఢిల్లీ ప్రభుత్వమువారు కొన్ని సంవత్సరములుగ ఘోషించుచున్నారు. సంతోషమే. ఖద్దరును దీక్షగ ధరించిన దేశమున ఆ మాటకు ఎదురు చెప్పువా రెవ్వరు? ఐనను వస్తువు మనదైనంత మాత్రమున చాలదు. అది యెచ్చట పనిచేయవలెనో అచ్చటి వాతావరణమునకు ఓర్చునో ఓర్వదో ముందుగ తేల్చిచెప్పు పరీక్షయు మనదై యుండవలెను. ఈ రెండవ భాగమును గూర్చి మన పెద్దలు మాటలాడుట అరుదు. హిమాలయపు చలి మాత్రము దానిని మరువనిచ్చుట లేదు.

1984వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన మన సైన్యము సియాచెన్ హిమానీనదముపై కాలు మోపెను. నాటినుండి అచ్చట ఏడాది పొడవున కావలి యున్నది. శీతకాలమున ఉష్ణమానము సున్నకు దిగువ 50 సెంటిగ్రేడు డిగ్రీల వరకు పడిపోవును. ఇంత దీర్ఘానుభవము పిమ్మట, 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచబడిన కంప్ట్రోలరు అండ్ ఆడిటరు జనరలు నివేదిక యేమి చెప్పినది? 2015 నవంబరు మొదలు 2016 సెప్టెంబరు వరకు సైనికులకు బహుళోపయోగపు బూట్లు అందలేదు. పాత బూట్లనే బాగుచేయించి తొడిగికొనవలసి వచ్చినది. మంచు కంటద్దముల కొరత నూటికి 62 మొదలు 98 వంతుల వరకు నుండెను. ముఖకవచములు, కోట్లు, పరుండు సంచులు పాత నమూనావే కొనబడినవి. రక్షణ ప్రయోగశాలలలో పరిశోధన చాలకపోవుటయు, స్వదేశీకరణమునందలి జాప్యమును మనలను దిగుమతులకు కట్టివేసినవని ఆ నివేదికయే ఒప్పుకొనినది. అదే యేడు జూను 15వ తేదీ రాత్రి గాల్వన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్‌బాబు మరి 19 మంది సైనికులతో గూడ వీరమరణ మందెను. ఆ చలికాలమున వేలకొలది సైనికులు లడఖులో నిలువవలసి రాగా, వెచ్చని దుస్తులకై అమెరికాను ఆశ్రయింపవలసి వచ్చినది.

చలి వస్తువును ఏమి చేయునని పాఠకులు అడుగవచ్చును. మాఘమాసమున ఒక కంబళితో సరిపెట్టుకొను మనకు ఉక్కు గూడ చలికి లొంగునన్న మాట వింతగ దోచును. కావున ఒక వృత్తాంతము చెప్పుట అవసరము.

1943 జనవరి 16వ తేదీ రాత్రి అమెరికా దేశమున పోర్ట్‌లండు రేవులో స్కెనెక్టడి యను క్రొత్త చమురు ఓడ కట్టివేయబడి యుండెను. తుపాను లేదు, శత్రువుల దాడి లేదు, నీరు కదలుట లేదు. గాలి మాత్రము సున్నకు మూడు నాలుగు డిగ్రీల దిగువకు చల్లబడినది. ఉన్నట్టుండి ఓడ నడుమకు విరిగెను. ఆ చప్పుడు మైలు దూరమునకు వినబడెనట! ఆ యుద్ధకాలమున త్వరత్వరగ నిర్మించిన లిబర్టీ ఓడలలో పెక్కింటికి బీటలు వారినవి. అతుకుపనివారే దోషులని మొదట అందరును అనుకొనిరి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కాన్‌స్టెన్సు టిప్పరు అను విదుషి పరిశోధించి, మూలదోషము ఉక్కునందే కలదని చూపెను. వెచ్చగ నున్నంతవరకు వంగి సాగు ఆ ఉక్కు, ఒక మేరకు మించి చల్లబడినంతనే పెళుసుబారుచున్నది. పలకలన్నియు ఏకముగ అతుకబడుటచే ఒకచోట పుట్టిన బీట ఆగు తావు లేక ఓడ చుట్టును పరువెత్తినది. మన యిండ్లలో బెల్లపు పాకము వేడిగ నున్నప్పుడు తీగవలె సాగి, చల్లారిన పిదప పెళుక్కున విరుగుట ఎరుగని గృహిణి యెవరు? కారణము వేరైనను చూపునకు ఉక్కు నడవడియు అట్టిదే.

ఈ గుణము కంటికి కనబడదు, చేతికి తెలియదు. వేసవిలో లాగి చూచినను, బరువు వేసి చూచినను బయటపడదు. దానిని పట్టుకొను ఉపాయమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి షార్పీ 1901లో స్థిరపరచెను. 55 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల మందము గల ఉక్కు ముక్కకు నడుమ చిన్న గాటు పెట్టి, కావలసినంత చల్లబరచి, లోలకమువలె ఊగు బరువైన సుత్తితో కొట్టుదురు. ముక్కను విరిచిన పిదప సుత్తి యెంత యెత్తునకు లేచెనో కొలిచినచో, విరుగుటలో ఉక్కు ఎంత శక్తిని మ్రింగినదో తెలియును. మన భారత ప్రమాణము 2062 ప్రకారము, కట్టడపు ఉక్కు పేరు చివర ‘సి’ అను అక్షర మున్నచో, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఆ సుత్తిదెబ్బకు అది నిలిచినదని అర్థము. ‘ఏ’ అక్షరపు ఉక్కునకు ఆ పరీక్షయే లేదు. అంగడిలో రెండును ఒకే తీరున మెరయుచుండును. పరీక్షించువాడు అబద్ధపు ముద్ర వేసినచో కంట్రాక్టరునకు లాభము, వంతెనకు చేటు.

పరీక్ష ఉన్నను దానిని లక్ష్యపెట్టనిచో ఏమగునో 1986 జనవరి 28వ తేదీన ప్రపంచము చూచినది. అమెరికావారి చాలెంజరు నౌక ఎగిరిన 73 సెకనులకు ఆకాశముననే ఛిన్నాభిన్నమై, ఏడుగురు వ్యోమగాములు మరణించిరి. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయము చలికి బిరుసెక్కి సందును మూయలేకపోయెను. అంతకు ముందు 12 డిగ్రీలకంటె చల్లని వేళ ఆ నౌకలు ఎగిరి యుండలేదు. నాడు ఉండినది రెండు డిగ్రీలే. ఎగురవేయవలదని ఆ రాకెట్టును నిర్మించిన ఇంజనీర్లు ముందునాటి రాత్రి మొరపెట్టుకొనిరి. పై యధికారులు వారి మాట త్రోసివేసిరి. తరువాత విచారణసభలో ఆచార్య ఫైన్‌మన్ ఒక రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి తీసి, అది తిరిగి ఉబ్బకుండుట అందరికిని చూపెను. గ్లాసెడు మంచునీటితో తేలిన సత్యమును అంత గొప్ప సంస్థ చెవిని బెట్టకపోయినది! మన కచేరీలలో క్రింది ఉద్యోగి వ్రాసిన అసమ్మతి కాగితము ఏ బీరువాలో నిదురించునో పాఠకులు ఊహించుకొందురు గాక.

మనది ఉష్ణదేశము, మనకు శీతపరీక్ష లెట్లు సాధ్యమనువారు కలరు. ఈ వాదము నిలువదు. అమెరికావారు విమానములను సున్నకు దిగువ 54 డిగ్రీల చలిలో పరీక్షించు మందిరమును 1947లోనే నెలకొల్పిరి. ఎచ్చటననుకొందురు? అలాస్కాలో కాదు, ఎండలు కాయు ఫ్లోరిడాలో. చలిని యంత్రములతో పుట్టింపవచ్చును. అంత దూరము పోనేల, మన హైదరాబాదునే చూతము. విక్రాంత్ యుద్ధనౌకకు వలయు ఉక్కు రష్యానుండి సకాలమున రాకపోగా, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలవారును స్టీలు అథారిటీవారును కలసి డి.ఎం.ఆర్. 249 ఏ యను ఉక్కును సిద్ధపరచిరి. సున్నకు దిగువ 60 డిగ్రీల చలిలో గూడ దాని దార్ఢ్యమును సుత్తిదెబ్బతో పరీక్షించిరి. అరేబియా సముద్రమున తిరుగు ఓడకు ఇంత చలితో ఏమి పని యని నవ్వరాదు. హఠాత్తుగ తగులు పేలుడు దెబ్బయు చలివలెనే ఉక్కును పెళుసుబరచును. చలి పరీక్షలో నెగ్గిన ఉక్కునకే ఆ దెబ్బకు ఓర్చు ఆశ కలదు. 2022 సెప్టెంబరు 2వ తేదీన ఆ నౌక కొచ్చిలో నౌకాదళమున చేరినది. గోలకొండ ఎండలలో చేసిన పని యిది.

ఇంకను కొన్ని మంచి సంగతులు కలవు; చెప్పకుండుట అన్యాయము. కొబ్బరినూనె పుష్యమాసపు ఉదయమున పేరుకొన్నట్లు, డీజిలులోని మైనము లడఖు చలికి గడ్డకట్టి బండ్లను నిలిపివేయును. కిరసనాయిలు కలిపి నడుపుకొనుట అచ్చటి వాడుక. 2019 నవంబరులో ఇండియన్ ఆయిలువారు సున్నకు దిగువ 33 డిగ్రీలలోను ప్రవహించు డీజిలును విడుదల చేసిరి. 2015లో తేజస్ విమానమును లేహ్ నగరమున రాత్రంతయు చలిలో నిలిపి, బయటి వేడి లేకయే ఇంజనును కదలించి చూచిరి. 2022 డిసెంబరులో, సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు పనికివచ్చునట్లు రూపొందించిన మూడు పొరల దుస్తుల విధానమును రక్షణ పరిశోధన సంస్థవారు ఐదు స్వదేశీ కంపెనీల కిచ్చిరి. సియాచెన్ కెక్కిన 38 సంవత్సరములకు!

ప్రయోగశాలయే సర్వస్వమని మేము చెప్పుట లేదు. శీతమందిరమున వ్రేలాడదీసిన కోటుకు చెమట పట్టదు. సైనికుడు బరువు మోసి కొండ ఎక్కును. బూటులోపల చెమట ఊరును. నిలిచినంతనే ఆ తేమ గడ్డకట్టి వ్రేళ్లను కొరుకును. గాలి విసురు, పలుచని గాలిలోని ఆయాసము, తెల్లవారుజామున మొద్దుబారిన చేతులతో గుండీ పెట్టుకొను కష్టము యంత్రమునకు తెలియవు. కావున కొండమీది పరీక్షయు వలయును. కాని కొండమీద చలి పరీక్షకు దొరకునది మూడు నాలుగు నెలలే. ఆ నెలలు తప్పినచో ఏడాది పోయినట్లే. కాగితములు ఒక బల్లనుండి వేరొక బల్లకు నడచుటలో రెండు చలికాలములు జారిపోయిన పిదప, తొందరలో విదేశపు సరకు కొనుటకంటె వేరు మార్గ మేది? ముందుగ శీతమందిరమున జల్లెడ పట్టి, నిలిచినదానినే కొండ కెక్కించినచో ఈ కాలహరణము చాలవరకు తప్పును.

చిన్న కర్మాగారములవా రిట్టి మందిరమును సొంతముగ కట్టుకొనలేరు. ప్రభుత్వ ప్రయోగశాలలు స్వల్పరుసుముతో వారికి తలుపులు తెరువవలెను. పరీక్షకు పంపు నమూనాను తయారీదారు ఏరి యిచ్చుట మాని, గిడ్డంగిలోని సరకునుండి అధికారులే తీయవలెను. తప్పిన వస్తువు ఎన్ని డిగ్రీలలో తప్పినదో ఏటేట పార్లమెంటు స్థాయీసంఘమున కెరిగింపవలెను. దేశరక్షణ రహస్యమని దీనిని కప్పిపుచ్చుట తగదు; బూటు అడుగు పగిలిన సంగతి శత్రువు వినినంతమాత్రమున కోట కూలదు.

వర్షకాలపు సమావేశములలో మన తెలుగు సభ్యులు ఈ ప్రశ్న వేయుదురు గాక: ఈ యేడు కొనబోవు ప్రతి రకపు బూటును, ప్రతి రకపు కోటును ఏ శీతమందిరమున, ఎన్ని డిగ్రీలలో, ఎన్ని గంటలు పరీక్షించిరి? జూలైలో అడిగినచో సవరించుకొనుటకు వ్యవధి యుండును. డిసెంబరులో అడిగినచో ఆ యేటి బూట్లు అప్పటికే కొండ ఎక్కి యుండును.