తురక ఎవరు?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మన ఇళ్లకు గుర్తు చెప్పడానికి ఒక్క మాట చాలు: తురకోళ్ల ఇల్లు. లోపల ఉన్నది షేకా, దూదేకులా, ఫకీరా అని ఎవరూ అడగరు. ఈ మాటలో ఏముంది, అలవాటుగా అంటున్నాం అంటారు. ఏముందో చూద్దాం.

తుర్కులు మధ్యాసియా జాతి. సంస్కృతంలో తురుష్కులు, తెలుగులో తురకలు అయ్యారు. 1323లో ఓరుగల్లును పడగొట్టిన ఢిల్లీ సేనను తురుష్కులనే ఆ శతాబ్దపు శాసనాలు పేర్కొన్నాయి. గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ తుర్కమాన్ వంశీయుడు. అంతవరకు ఆ పేరుకు అర్థముంది. ఆ తరువాత మాట జాతిని విడిచి మతాన్ని పట్టుకుంది. దూది ఏకినవాడూ తురకే, మాంసం కొట్టినవాడూ తురకే. బీసీ-ఇ జాబితాలో నేటికీ ‘తురక చాకల’ అన్న పేరుంది. అతని తాతముత్తాతలు ఏ తుర్కిస్తాన్ నుంచి వచ్చారు? ఈ ఊరి చెరువులో ఈ ఊరి బట్టలే ఉతికారు.

జాతి పేరును మతానికి తగిలిస్తే మిగిలేది ఒక్కటే: పరాయి ముద్ర. వచ్చినవాడు అని పిలిచిన నోటికి, పొమ్మనడానికి ఎంతోసేపు పట్టదు. 1948 తరువాత ఆ ముద్ర పక్కనే రజాకార్ అన్న మరో ముద్ర చేరింది. కానీ తన ఇమ్రోజ్ పత్రికలో రజాకార్లను నిలదీసి, ఆ ఏడాది ఆగస్టులో వారి చేతుల్లోనే హతుడైన షోయబుల్లా ఖాన్ ఎవరు? నాటి నల్లగొండ జిల్లా కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యానికి తలొంచక, భూమి కోసం కోర్టుకెక్కి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ఎవరు?

పేరు ఎప్పుడూ కిందికే జారాలని లేదు. సయ్యద్ అరబ్బీ బిరుదు, ప్రవక్త వంశీయుల గుర్తు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న హిందూ తల్లులు తమ బిడ్డలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఆ సైదులును ఎవరూ పరాయివాడనరు. దూరదేశపు మాటను సొంత బిడ్డకు పేరుగా పెట్టుకోగలిగిన నేల, సొంత మనిషిని దూరదేశపు పేరుతో ఎందుకు పిలవాలి?

ఈ ప్రశ్న మనల్నీ వదలదు. పెళ్లి సంబంధాల దగ్గర ‘దూదేకులోళ్లు’ అని పెదవి విరిచే సయ్యద్‌లు, పఠాన్‌లు మనలో లేరా? మసీదులో ఒకే వరుసలో నిలిచి గడప దగ్గర కులం అడిగేవారికి, తురక అన్న మాటపై కోపగించే హక్కు సగమే.

అందుకే మన డిమాండ్ రెండు వైపులా ఉంది. బడిలో పిల్లవాణ్ని పేరు పెట్టి పిలవండి. పత్రికల్లో, వేదికలపై ముస్లింలు అని రాయండి, అనండి. మన ఇళ్లలో దూదేకుల, ఫకీరు అన్నవి తిట్లు కాకూడదు. పేరు మారినంత మాత్రాన బతుకు మారదు, నిజమే. కానీ మనిషిని అతని పేరుతో పిలవలేని ఊరు, అతని వాటాను మాత్రం ఎలా ఒప్పుకుంటుంది?