రివ్యూల్లో కనపడని స్పెక్: పాడైతే మనం విప్పుకోగలమా?

ఫోన్ల విషయంలో మనం ఎంత పట్టుదలగా ఉంటామో తెలిసిందే. బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ కాకుండా 4,800 ఉంటే కామెంట్లలో యుద్ధమే. గేమింగ్‌లో నాలుగు ఫ్రేములు తగ్గితే ఆ ఫోన్ పనికిరాదని తేల్చేస్తాం. నేనూ ఆ బ్యాచ్‌నే. అలాంటి నేను సంక్రాంతి బోనస్‌తో ఏలూరులో మా ఇంటికి డిష్‌వాషర్ కొన్నప్పుడు ఏం చూశానో తెలుసా? ఎన్ని ప్రోగ్రాములు ఉన్నాయి, యాప్‌తో కనెక్ట్ అవుతుందా, ఎన్ని డెసిబెల్స్ శబ్దం. అంతే. పాడైతే ఏం చెయ్యాలి అన్న ప్రశ్న ఒక్కసారి కూడా బుర్రలోకి రాలేదు. నేను చదివిన పది రివ్యూల్లో, చూసిన వీడియోల్లో కూడా ఎవరికీ రాలేదు.

అసలు ఆ మెషిన్ కొన్నది షోకు కోసం కాదు. అమ్మకి గిన్నెల సబ్బు పడదు. వేళ్ల మధ్య చర్మం పగిలి, ఒక్కోసారి రక్తం వచ్చేది. చేతులు సబ్బునీళ్లలో పెట్టొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. గ్లౌజులు వేసుకుంటే చెమట పట్టి ఇంకా మండేది. మెషిన్ వచ్చిన రెండు నెలలకి ఆవిడ చేతులు మామూలుగా అయ్యాయి. మొదట్లో "ఇది తోముతుందా, తడుపుతుందా?" అని అనుమానపడిన మనిషే, తర్వాత పక్కింటి పిన్నిగారిని పిలిచి మరీ చూపించింది.

వారంటీ అయిపోయిన మూడో నెలలో మెషిన్ ఆగిపోయింది. లోపల అడుగున రెండంగుళాల జిడ్డు నీళ్లు. ప్యానెల్ మీద ఎర్రర్. నీళ్లు బయటకు పోవట్లేదన్నమాట.

చింతగింజ ఖరీదు

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే నాలుగో రోజుకి టెక్నీషియన్ వచ్చాడు. బ్రాండ్ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే నా బాధ ఒక్క బ్రాండ్ మీద కాదు. ఆ అబ్బాయి నీళ్లు తీయకుండా, ఫిల్టర్ విప్పకుండా, ఎర్రర్ చూసి "డ్రెయిన్ పంప్ పోయిందండి, పార్ట్ తెప్పించాలి, విజిటింగ్ ఛార్జ్ కాకుండా ₹4,600 అవుతుంది, వారం పైన పట్టొచ్చు" అన్నాడు. అతన్నీ తప్పుపట్టలేను. రోజుకి ఎన్ని ఇళ్లు తిరగాలో, ఎవరు ఏం చెయ్యమన్నారో నాకు తెలీదు. కానీ ఆ సాయంత్రం అమ్మ మళ్లీ సింక్ దగ్గర నిలబడింది. నేను తోముతానంటే, "నువ్వు మీటింగ్‌లో ఉన్నావుగా, పోరా" అంది. నేను మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కాల్స్‌లో ఉంటాను. ఐదో రోజుకి వేళ్లు మళ్లీ పగిలాయి.

అప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక మెకానిక్ బాబాయ్ గుర్తొచ్చాడు. నేను అక్కడ బీటెక్ చదివే రోజుల్లో మా రూమ్ వాషింగ్ మెషిన్‌ని మూడుసార్లు బతికించిన మనిషి. ఫోన్ చేస్తే, "డిష్‌వాషర్ నేనెప్పుడూ ముట్టుకోలేదు బాబూ. కానీ నీళ్లు తోడే మోటారు ఎక్కడైనా మోటారే. ప్లగ్ పీకు, పంపా కట్టు, వీడియో కాల్ చెయ్యి" అన్నాడు.

స్పాంజితో నీళ్లు తోడేశాను. కింది రాక్ తీశాను. గుండ్రటి ఫిల్టర్ ఎడమకి తిప్పితే ఊడి వచ్చింది. దాని కింద గుంటలో, ఒక పక్కన చిన్న ప్లాస్టిక్ మూత. స్పూన్ కాడతో దాన్ని లేపితే, లోపల పంప్ రెక్క. రెక్కకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఒక చింతగింజ.

కొర్రమేను పులుసు తాలూకు చింతగింజ. ₹4,600 పంప్‌ని ఆపేసింది అదే.

అయితే ఫిల్టర్ ఉండగా గింజ కిందకి ఎలా పోయింది? ఇక్కడే నా తప్పు బయటపడింది. పది రోజుల ముందు ఫిల్టర్ కడిగి, తిరిగి పెట్టినప్పుడు లాక్ అయ్యేదాకా తిప్పలేదు. జాలీ కొంచెం పైకి లేచే ఉంది. ఆ సందులోంచి గింజ జారిపోయింది. ఎంత పెద్ద బగ్ అయినా చివరికి ఒక సెమీకోలన్ దగ్గర తేలినట్టు అనిపించింది.

ముందు చూడాల్సినవి

మీ ఇంట్లో కూడా నీళ్లు నిలిచిపోతే, పంప్ పోయిందని ఒప్పుకునే ముందు ఇవి చూడండి. మొదట ప్లగ్ పీకండి, నీళ్ల పంపా కట్టండి. ఇది చెయ్యకుండా చెయ్యి లోపల పెట్టకండి.

ఒకటి, ఫిల్టర్. మన వంటలో కరివేపాకు, ఆవాలు, అన్నం మెతుకులు, రొయ్య పొట్టు, చేప ముల్లు అన్నీ అక్కడికే చేరతాయి. పంపు కింద పెట్టి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, లాక్ పడేదాకా తిప్పి పెట్టండి.

రెండు, పంప్ మూత. అన్ని మోడళ్లలోనూ పైనుంచి అందదు, మాన్యువల్ చూడండి. పగిలిన గాజు ముక్కలు ఉండొచ్చు కాబట్టి వేళ్లు జాగ్రత్త. రెక్కని మెల్లిగా తిప్పితే ఆగి ఆగి, గెంతినట్టు తిరుగుతుంది. అది పాడైనట్టు కాదు. లోపల మాగ్నెట్ ఉంటుంది కాబట్టి అలాగే తిరగాలి. అస్సలు తిరగకపోతే ఏదో ఇరుక్కుందని అర్థం.

మూడు, డ్రెయిన్ పైపు. మెషిన్ వెనక్కి నెట్టినప్పుడు నలిగిపోయి ఉంటుంది. లేదా పైపు చివర కలిసే సింక్ ట్రాప్‌లోనే జిడ్డు పేరుకుని ఉంటుంది. చాలా ఇళ్లలో ఇంకో పొరపాటు ఉంటుంది. పైపుని నేరుగా కింద మోరీ రంధ్రంలో పడేస్తారు. అప్పుడు కడగడం పూర్తవకముందే నీళ్లు వాటంతటవే లాగేసుకుని వెళ్లిపోతాయి, మెషిన్ మళ్లీ మళ్లీ నింపుకుంటుంది. పైపు ముందు పైకి లేచి, తర్వాత కిందకి దిగాలి. ఎంత ఎత్తు అన్నది మీ మాన్యువల్లో ఉంటుంది.

ఇదంతా అమ్మకి చెప్తుంటే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. అమ్మ పుట్టిల్లు కైకలూరు దగ్గర. "అంటే ఉప్పుటేరు పూడితే కొల్లేరు పొంగినట్టే కదరా" అంది. అవును. బుడమేరు, తమ్మిలేరు ఎన్ని నీళ్లు తెచ్చి పోసినా కొల్లేరుకి సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి ఇరుకైతే నీళ్లు ఊళ్ల మీదకే తంతాయి. నీళ్లు నిండిపోతే సరస్సునో, మెషిన్‌నో తిట్టే ముందు బయటకు పోయే దారి చూడాలి.

లీకేజీ మాత్రం పూర్తిగా నా పుణ్యమే

పంప్ బాగయ్యాక ఉత్సాహం ఎక్కువైంది. డిష్‌వాషర్ ట్యాబ్లెట్లు అయిపోయి ఉన్నాయి. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం పోశాను. దయచేసి మీరు ఈ పని చెయ్యకండి. చేతి లిక్విడ్ నురగ రావడానికే తయారైంది. లోపల నీళ్లు జోరుగా చిమ్మేసరికి నురగ పొంగి, తలుపు కింద నుంచి వంటగది అంతా పారింది. కొంత నీరు మెషిన్ అడుగు పళ్లెంలోకి దిగింది. చాలా మోడళ్లలో అక్కడ ఒక ఫ్లోట్ స్విచ్ ఉంటుంది. అడుగున నీళ్లు చేరి ఫ్లోట్ తేలగానే మెషిన్ మొత్తం ఆగిపోతుంది. ఇల్లు మునగకుండా పెట్టిన ఏర్పాటు అది. నాన్నగారూ నేనూ కలిసి, ప్లగ్ తీసేసి, మెషిన్‌ని మెల్లిగా వెనక్కి వంచి ఆ నీళ్లు పారబోశాం. ఒక రోజంతా ఆరనిచ్చాం. మళ్లీ పనిచేసింది.

మీకు లీకు వస్తే ముందు డిటర్జెంట్ ఏది వేశారో గుర్తు తెచ్చుకోండి. తర్వాత తలుపు చుట్టూ ఉన్న రబ్బరు తుడవండి. అన్నం మెతుకు అంటుకున్నా లీకవుతుంది. మెషిన్ మట్టంగా ఉందా, నీళ్లు వచ్చే పైపు దగ్గర వాషర్ బాగుందా చూడండి. కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా, సర్క్యూట్ బోర్డు, హీటర్ దాకా విషయం వెళ్లినా మాత్రం హీరోయిజం వద్దు. అది తెలిసినవాళ్ల పని.

ఏరేటర్ ఆగితే ఎవరూ టోల్‌ఫ్రీకి ఫోన్ చెయ్యరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మా ప్రాంతం రిపేర్ తెలియని ప్రాంతం కాదు. కొల్లేరు చుట్టూ రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో మోటారు ఆగితే తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. అక్కడ ఎవరూ "మీ కాల్ మాకు ముఖ్యం" అనే పాట వింటూ కూర్చోరు. మోటారు చుట్టే మనిషిని నిద్రలేపుతారు. ఆయన స్పానర్‌తో విప్పి, బేరింగ్ మార్చి, వైండింగ్ చూసి నడిపిస్తాడు. ఆయన దగ్గర కంపెనీ సర్టిఫికెట్ లేకపోవచ్చు. కానీ మోటారు మామూలు బోల్టులతో విప్పేలా ఉంటుంది, బేరింగ్ బజార్లో దొరుకుతుంది, లోపల ఏముందో అందరికీ తెలుసు. రిపేర్ నడిచేది ఈ మూడింటి మీదే.

అదే మెకానిక్‌కి నా డిష్‌వాషర్ ఇస్తే? చెయ్యి తిరిగిన పనివాడే, కానీ పార్ట్ దొరకదు, బొమ్మ దొరకదు, స్క్రూ తల చూస్తే ఏ స్క్రూడ్రైవర్ సరిపోతుందో అర్థం కాదు. నైపుణ్యానికి లోటు లేదు, తలుపే మూసి ఉంది.

ఇది మార్చలేని విషయమేం కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి డిష్‌వాషర్లకి రూల్ ఉంది. తలుపు రబ్బర్లు, స్ప్రే ఆర్మ్‌లు, డ్రెయిన్ ఫిల్టర్లు మామూలు వినియోగదారుడికి కూడా అమ్మాలి, మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కనీసం పదేళ్లు. పంపులు, మోటార్ల లాంటివి రిపేర్ చేసేవాళ్లకి కనీసం ఏడేళ్లు. ఫ్రాన్స్ 2021లోనే పదికి ఇన్ని మార్కులు అంటూ రిపేరబిలిటీ స్కోరు మొదలుపెట్టి, 2022 నవంబర్‌లో డిష్‌వాషర్లనీ అందులో చేర్చింది.

మన దగ్గర కూడా కదలిక ఉంది. కార్ల స్పేర్ పార్ట్స్ బయట దొరక్కుండా చేశారని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబర్ 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. 2024లో రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం వేసిన కమిటీ 2025 మేలో రిపోర్టు ఇచ్చింది. కానీ పోర్టల్ ఉండటం వేరు, ఏలూరులో కొట్టుకి వెళ్తే గాస్కెట్ దొరకడం వేరు.

"అందరూ విప్పడం మొదలుపెడితే ప్రమాదం కదా, కంపెనీ వాదనలో న్యాయం ఉంది కదా" అని మీరు అడగొచ్చు. కొంత న్యాయం ఉంది. నీళ్లు, కరెంటు ఒకే డబ్బాలో ఉన్న వస్తువు ఇది. నురగతో నేను చేసిన ఘనకార్యం చూశారు కదా. కానీ ఆ తప్పు జరిగింది నాకు తెలీక, తెలిసి కాదు. సమాచారం దాచిపెడితే జనం విప్పడం మానరు, తప్పుగా విప్పుతారు.

కంపెనీల సంగతి తర్వాత, ముందు మన సంగతి. రివ్యూ రాసేవాళ్లం, చదివేవాళ్లం అడగాల్సిన ప్రశ్నలు నాలుగే. ఫిల్టర్, పంప్ దాకా స్క్రూడ్రైవర్ లేకుండా వెళ్లగలమా? రబ్బరు, పంప్ విడిగా అమ్ముతారా, ధర ముందే చెప్తారా? ఎర్రర్ కోడ్ అర్థం మాన్యువల్లో పూర్తిగా ఉందా, "సర్వీస్‌కి కాల్ చెయ్యండి" అని వదిలేశారా? చిన్న ఊళ్లో సర్వీస్‌కి ఎన్ని రోజులు పడుతుంది? ఫోన్‌కైనా, ఇయర్‌బడ్స్‌కైనా ఇవే ప్రశ్నలు. వీటికి జవాబు లేని రివ్యూ నా లెక్కలో సగం రివ్యూ. ఇకమీదట నేను రాసే ప్రతి రివ్యూలో ఈ నాలుగూ ఉంటాయి. లేకపోతే కామెంట్లలో నన్ను నిలదీయండి.

బాబాయ్‌కి ఫోన్‌పే చేయబోతే తీసుకోలేదు. "ఆ పంప్ ఫొటో ఒకటి పంపు బాబూ, రేపు ఇంకెవరైనా తెస్తే చూసుకుంటా" అన్నాడు. కంపెనీ ఇవ్వాల్సిన డయాగ్రామ్, చివరికి నా ఫోన్ కెమెరా నుంచి వెళ్లింది. అమ్మ మాత్రం ఇప్పుడు చింతపండు పులుసు గిన్నె మెషిన్‌లో పెట్టే ముందు గింజలు ఏరుతోంది. చేతులు బాగున్నాయి.