మందులు లోకానికి, మురుగు మనకా?

‘హైదరాబాద్‌ను మేమే అభివృద్ధి చేశాం’ అన్న మాట ఉద్యమం పొడవునా విన్నాం. మందుల పరిశ్రమ చరిత్ర విప్పితే ఆ మాట నిలవదు. 1961లో ప్రజల సొమ్ముతో పుట్టిన ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్‌లో కర్మాగారం పెట్టింది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 నాటి పేటెంట్ చట్టం దేశీ కంపెనీలకు దారి తెరిచింది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. 2021లో జీనోమ్ వ్యాలీ నుంచి కొవాగ్జిన్ వచ్చింది. ఇది మనకు గర్వకారణమే, కాదనం.

కానీ ఈ లెక్కకు రెండో పేజీ ఉంది. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల వ్యర్థాలతో నక్కవాగు విషమైంది. 1990లోనే ఆ గోస సుప్రీంకోర్టుకెక్కింది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. శుద్ధి చేసిన నీళ్ల సంగతే ఇది! 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ముడిసరుకు కర్మాగారం పేలి నలభై మందికి పైగా కార్మికులు బలయ్యారు. వారిలో ఎందరో పొట్ట చేతబట్టుకొని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారే.

2014లో రాష్ట్రం వచ్చింది. పరాయి పాలన అన్న సాకు ఇక చెల్లదు. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినవాళ్లం అడుగుతున్నాం: వాగు నీటి పరీక్షల ఫలితాలు ఊరి నడుమ గోడమీద పెట్టాలి. కర్మాగారాల తనిఖీ నివేదికలు బయటపెట్టాలి. ఫార్మసీ, కెమిస్ట్రీ చదివిన మన పిల్లలకు కాంట్రాక్టు కూలీ కాదు, పర్మనెంటు కొలువులివ్వాలి. జాగ ఇచ్చిన ఊరికి జవాబు చెప్పని పరిశ్రమ ఎంత పెద్దదైనా మనదనిపించుకోదు.