గ్రంథానికీ విశ్వాసానికీ నడుమ

తాము ఎందుకు వ్రాస్తున్నారో దాపరికం లేకుండా చెప్పే గ్రంథకర్తలు అరుదు. యోహాను సువార్త కర్త అటువంటివాడు. ఇరవయ్యవ అధ్యాయం చివర ఆయన తన ఉద్దేశాన్ని ప్రకటిస్తాడు: యేసు చేసిన కార్యాలన్నీ ఇందులో లేవు, ఉన్నవి మాత్రం చదువరి విశ్వసించి జీవం పొందడానికే వ్రాయబడ్డాయి. లూకా ఉద్దేశం కొంత వేరు. థెయొఫిలు అప్పటికే విన్న సంగతులు నిశ్చయమైనవని అతనికి తెలియజేయడం ఆయన కోరిక. ఒకరిది విశ్వాసాన్ని కలిగించే ప్రయత్నం. మరొకరిది కలిగిన విశ్వాసాన్ని స్థిరపరచే ప్రయత్నం. అయితే ఈ కోరిక చదువరిలో నెరవేరడానికి అక్షరం ఒక్కటే చాలునా?

రాయపూర్ ప్రాంత చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది. అమెరికాలోని జర్మన్ క్రైస్తవుల సంఘం పంపగా ఆస్కర్ లోర్ అనే మిషనరీ 1868లో రాయపూర్ చేరాడు. అక్కడ ఆయన దృష్టిని ఆకర్షించినవారు సత్నామీలు. గురు ఘాసీదాస్ బోధను అనుసరించి విగ్రహారాధనను విడనాడి, నిరాకారమైన 'సత్యనామా'న్ని కొలిచేవారు వారు. ఆ మాట వినగానే లోర్‌కు ఆశ కలిగింది. వారు వెదుకుతున్న సత్యనామం క్రీస్తుదేనని చెబితే చాలునని ఆయన తలచాడు. బిశ్రాంపుర్‌లో మిషన్ కేంద్రాన్ని నెలకొల్పాడు.

కాని మాటలు కలిసినంత సులభంగా మనస్సులు కలియలేదు. 1870లో తొలి బాప్తిస్మాలు జరిగినప్పుడు జంధ్యం వివాదానికి కారణమైంది. లోర్‌కు అది పాత మతచిహ్నం. సత్నామీలకు తమ గౌరవానికి గుర్తు. ఆ ఘటనతో చాలామంది దూరమయ్యారు. తరువాతి కాలంలో క్రైస్తవులైనవారిని బంధుత్వాలు, మిషన్ కల్పించిన జీవనాధారాలు ఎంతగానో ప్రభావితం చేశాయని చరిత్రకారుడు సౌరభ్ దూబే పరిశోధనలు తెలుపుతున్నాయి. చదువరి గ్రంథం వద్దకు ఒంటరిగా రాడు. తన కులాన్నీ, కుటుంబాన్నీ, ఆకలినీ వెంటబెట్టుకొని వస్తాడు.

అంతమాత్రాన అక్షరానికి శక్తి లేదనలేము. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరి చిన్న క్రైస్తవ పుస్తకాలు చదివి ఆలోచనలో పడ్డారు. అంతటితో ఆగక మిషనరీలను వెదుక్కొని వెళ్ళారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు. ఆయన రచించిన కీర్తనలు తెలుగు క్రైస్తవుల ఆరాధనలో నేటికీ వినవస్తాయి. పుస్తకం ఆయనలో ప్రశ్నను లేపింది. సమాధానం కోసం నడిచినవి ఆయన కాళ్ళే. అపొస్తలుల కార్యములలోని ఐతియొపీయుని కథ కూడా ఇటువంటిదే. రథంలో కూర్చుండి యెషయా గ్రంథం చదువుతున్న ఆ అధికారికి అర్థం చెప్పడానికి ఫిలిప్పు కావలసి వచ్చాడు. కాని బాప్తిస్మం కోరినవాడు ఆ అధికారియే.

చెప్పడం ఎక్కడ ముగుస్తుంది, నమ్మించడం ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్న రాయపూర్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. బలప్రయోగం, ప్రలోభం, మోసం ద్వారా మతమార్పిడులను నిషేధించి, మార్పిడి జరిపినవారు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1968లో చట్టం చేసింది. రాయపూర్‌కు చెందిన క్రైస్తవ గురువు స్టెయినిస్లాస్ దానిని సవాలు చేశారు. 1977 జనవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టాన్ని సమర్థించింది. తన మతసిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేసే హక్కు ప్రతివారికీ ఉన్నదనీ, మరొకరిని మతం మార్చే హక్కు లేదనీ, అంతఃకరణ స్వాతంత్ర్యం అందరిదీ అనీ తీర్పు సారాంశం.

రాజ్యాంగ పండితుడు హెచ్. ఎం. సీర్వాయి ఈ తీర్పును తీవ్రంగా విమర్శించారు. మతప్రచారం కేవలం సమాచారం అందించడం కాదని, వినేవారిలో నమ్మకం కలిగించి ఆచరణకు పురికొల్పడమే దాని లక్ష్యమని ఆయన వాదన. యోహాను ప్రకటించిన ఉద్దేశం ఈ వాదనకే దగ్గరగా ఉన్నది. నమ్మమని కోరకుండా ఆ సువార్తను వివరించడమంటే దాని ప్రాణాన్ని వదలి దేహాన్ని చూపడమే.

అయినా తీర్పూ, విమర్శా ఒక చోట కలుస్తాయి: నిర్ణయం వినేవానిదే. బెదిరించి కాని, ఆశపెట్టి కాని పలికించినది విశ్వాసం అనిపించుకోదు. అది యోహాను కోరినదీ కాదు. అలాగే, చదివి ఆలోచించి తనంతట తాను ఒక మార్గాన్ని ఎంచుకున్నవానిని మోసపోయినవాడని ముందుగానే తీర్మానించడం అతని బుద్ధిని అవమానించడమే. గ్రంథం తలుపు తట్టవచ్చు. గడియ మాత్రం లోపలివైపునే ఉంటుంది.