"మీవాళ్లకు కోచ్ ఎందుకమ్మా?" అనేవాళ్లకు మా జవాబు

పోస్ట్ కొంచెం పెద్దదే. హాస్టళ్లలో జూనియర్లకు ఆటలు నేర్పే అన్నలు, అక్కలు మాత్రం చివరిదాకా చదవండి.

మేమంతా ఒక ఆశ్రమ పాఠశాలలో చదివిన అమ్మాయిలం. డిగ్రీ చదువుకుంటూ ఆదివారాలు అక్కడికి వెళ్లి చెల్లెళ్లకు కబడ్డీ నేర్పుతున్నాం. ఉన్నది తొమ్మిది మంది, అందరూ కొత్తవాళ్లే. కోచ్‌ని ఇవ్వండి, మ్యాట్ ఇవ్వండి అని అడిగితే ప్రతిసారీ ఒకటే మాట: "మీవాళ్లకు కోచ్ ఎందుకమ్మా? కొండలెక్కి పెరిగిన ఒళ్లు. దమ్ము పుట్టుకతోనే వస్తుంది."

వినడానికి పొగడ్తలా ఉంటుంది. అసలు సంగతి ఖర్చు తప్పించుకోవడం.

మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్లు. పుట్టుకతో వచ్చిన దమ్ముతోనే ఎక్కేసిందా? భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకుంది. నేర్పేవాళ్లు దొరికారు, ఖర్చు పెట్టేవాళ్లు దొరికారు. ఆమె ఫోటో ఆఫీసు గోడకు పెట్టుకుని, ఆ శిక్షణ సంగతి మాత్రం మర్చిపోతే ఎలా?

ఈ "దమ్ము" మాట మనవాళ్ల బుర్రల్లోకి కూడా ఎక్కేసింది. చాలా చోట్ల ప్రాక్టీస్ అంటే గ్రౌండ్ చుట్టూ రౌండ్లు. కూతకు వెళ్లి దొరికిపోతే ఇంకో పది రౌండ్లు. నీళ్లు అడిగితే "బలహీనం" అని వెక్కిరింపు. దొరికితే శిక్ష అని తెలిశాక రేపు కూతకు ఎవరు వెళ్తారు? భయపడ్డ పిల్ల గీత దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేస్తుంది. వారం తర్వాత అసలు రావడమే మానేస్తుంది.

ఇంకో పెద్ద విషయం. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న దాని నిర్మూలనకు మిషన్ మొదలుపెట్టిందంటేనే సమస్య ఎంతుందో అర్థం చేసుకోండి. ఆ జబ్బు ఉన్న పిల్లకు ఒంట్లో నీళ్లు తగ్గినా, మితిమీరి అలసిపోయినా రక్తకణాలు కొడవలిలా వంగి సన్న నాళాలకు అడ్డుపడతాయి. భరించలేని నొప్పులు వస్తాయి. ఆ పిల్లను నీళ్లివ్వకుండా ఎండలో పరిగెత్తించడం క్రమశిక్షణ కాదు, ప్రాణంతో చెలగాటం.

అయితే ఎలా నేర్పాలి? మేము చేస్తున్నది చెప్తాం.

ముందు పడటం నేర్పుతాం. గుల్ల చేసిన మట్టిలో మోకాళ్లు వంచి, ఒళ్లు కిందికి దించి, పక్కకు దొర్లడం. చెయ్యి నిటారుగా ఆనించి పడితే మణికట్టు పోతుంది. పడటం వచ్చిన పిల్లకే పట్టు పట్టే ధైర్యం వస్తుంది.

తొమ్మిది మందితో ఏడుగురు, ఏడుగురు ఆడలేం. అందుకే ముగ్గురేసి మూడు జట్లు. ఒకరు కూతకు వెళ్తే ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని చైన్ కడతారు. మిగతావాళ్లు 30 సెకన్లు లెక్కపెడతారు. తర్వాత ముగ్గురు డిఫెండర్లు, ఒక రైడర్. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే అదనంగా ఒక పాయింట్ వస్తుంది. దాన్నే సూపర్ ట్యాకిల్ అంటారు. అంటే మనకున్న తక్కువ మందితోనే మ్యాచ్‌లో పనికొచ్చేది నేర్పవచ్చు.

దొరికిన పిల్లను "ఏ కాలు ముందు పెట్టావు?" అని అడుగుతాం. జవాబు ఆమే చెప్పాలి. పావుగంటకోసారి నీళ్లు. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అనేది ఆ పిల్ల ఇష్టం. చివరి పది నిమిషాలు రోజుకో పిల్ల ప్రాక్టీస్ నడిపిస్తుంది. రేపు మేము లేకపోయినా ఆట ఆగకూడదు కదా.

"ఇంత సుకుమారంగా నేర్పితే గెలుస్తారా?" అని కొందరు అన్నలు అడుగుతున్నారు. అన్నా, కోర్టులోకి దిగాల్సింది ఏడుగురు. తిట్లకు ముగ్గురు వెళ్లిపోతే మనకు మిగిలేది ఆరుగురు. ఇంక గెలుపు మాట ఎక్కడిది?

మేము అడిగేది పెద్దదేం కాదు. ప్రతి గిరిజన హాస్టల్‌కు వారానికి రెండు రోజులైనా శిక్షణ ఉన్న కోచ్ రావాలి. జట్టులోకి తీసుకునే ముందే సికిల్ సెల్, రక్తహీనత పరీక్షలు చెయ్యాలి. గ్రౌండ్‌లో తాగునీళ్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉండాలి. మీ హాస్టల్‌లో వీటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో కామెంట్‌లో రాయండి. అన్నీ కలిపి వినతిపత్రం చేసి అందరం కలిసే ఇద్దాం.

దమ్ము మనకుంది. నేర్పించాల్సిన బాధ్యత వాళ్లది. జోహార్.