చూడకుండానే "కనిపించింది" అనడం

పెళ్ళిలో పురోహితుడు వేలెత్తి ఆకాశం వైపు చూపిస్తాడు. మిట్టమధ్యాహ్నం. కొత్త దంపతులు షామియానా అంచుకి వచ్చి, ఎండకి కళ్ళు చికిలించి "కనిపించింది" అంటారు. అరుంధతి కనపడలేదని అక్కడున్న అందరికీ తెలుసు. దాని మీద నాకు ఫిర్యాదేం లేదు, పెళ్ళి పెళ్ళే. నా గొడవల్లా అదే అలవాటుని కవిత్వంలోకి, వ్యాసాల్లోకి తెచ్చుకున్న మనతోనే. నక్షత్రాలని చూడకుండానే చూశామంటాం. ఎవరైనా నిజంగా చూసి, కొలిచి, లెక్క చెప్తే "లెక్కలొచ్చాక అందం పోయింది" అని మూతి విరుస్తాం.

ఏ అందం పోయిందో చెప్పండి, వింటాను.

మన కవితల్లో నక్షత్రానికి ఉన్న పని ఒక్కటే, మిణుకుమనడం. ఆ మిణుకు నక్షత్రానిది కూడా కాదు, మన తల మీదున్న గాలిది. వేడి, చల్లటి పొరలు కదులుతుంటే వాటి గుండా వచ్చే వెలుగు వణుకుతుంది. 2009లో నాసా కెప్లర్ టెలిస్కోప్‌ని ఆ గాలికి అవతలికి పంపింది. నాలుగేళ్ళపాటు అది హంస, లైరా మండలాల దగ్గర ఒకే చోటు చూస్తూ, లక్షన్నరకి పైగా నక్షత్రాల వెలుగుని దాదాపు అరగంటకోసారి రాసుకుంది. వాల్‌పేపర్‌గా పెట్టుకునే ఫొటోల కోసం చేసిన యంత్రం కాదది. దానికి నక్షత్రమంటే కొన్ని పిక్సెళ్ళు, ఒక అంకె. అరగంటకి ఇంకో అంకె.

ఆ అంకెలు ఎంత నిక్కచ్చివో చూడండి. భూమి లాంటి గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రానికి అడ్డంగా వెళ్తే వెలుగు పది లక్షల్లో సుమారు 84 వంతులు తగ్గుతుంది. ఆ తగ్గుదలని పట్టుకోవడానికే కెప్లర్‌ని కట్టారు. అంత సున్నితంగా చూస్తే నక్షత్రపు సొంత కంపనం కూడా దొరుకుతుంది. లోపల మరిగే వాయువు పుట్టించే ధ్వని తరంగాలకి నక్షత్రం మొత్తం గంటలా మోగుతుంది, వెలుగు రవ్వంత పెరిగి తగ్గుతుంది. సూర్యుడిలో ఈ ఊపు సుమారు ఐదు నిమిషాలకోసారి అని 1960ల నుంచీ తెలుసు. ఉబ్బిపోయిన ఎర్ర నక్షత్రాలకి గంటలు, రోజులు పడుతుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి శబ్దం వింటాం కదా, ఇదీ అలాంటిదే. ఆ లయని బట్టి వేల నక్షత్రాల బరువు, సైజు, వయసు అంచనా కట్టారు. బయటికి ఒకేలా కనిపించే రెండు ఎర్ర నక్షత్రాల్లో ఏది కడుపులో హీలియం మండిస్తోందో, ఏది ఇంకా మొదలుపెట్టలేదో కూడా చెప్పగలిగారు. మన కవుల్లో ఎవరికి ఒక నక్షత్రం ఇంత దగ్గరగా తెలుసు?

కొలత కూడా తప్పుతుంది, ఒప్పుకుంటాను. నక్షత్రం వెలుగుని నీలం ఫిల్టర్లోంచి ఒకసారి, ఎరుపు ఫిల్టర్లోంచి ఒకసారి కొలిచి, తేడాని బట్టి దాని వేడి చెప్తారు. కానీ మధ్యలో ధూళి ఉంటే వేడి నక్షత్రం కూడా ఎర్రబడి, చల్లటిదానిలా కనిపిస్తుంది. అక్కడ తప్పితే దాని మీద కట్టిన సైజు లెక్కా తప్పుతుంది. అయితే కొలిచేవాళ్ళు ఆ సంగతి దాచుకోరు. గయా టెలిస్కోప్ 2022లో దాదాపు 180 కోట్ల నక్షత్రాల జాబితా ఇచ్చింది. అందులో కొలతతో పాటు ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాసి ఉంటుంది. తన సందేహాన్ని తనే అచ్చేసుకునే వాక్యం మన సాహిత్య విమర్శలో చివరిసారి ఎప్పుడు చదివారు?

ఇదంతా పరాయి వ్యవహారం అనకండి. ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి జాబితా రాయాలని 1887లో పారిస్‌లో మొదలైన పనిలో హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కూడా వాటా తీసుకుంది. గాజు పలకల మీద చుక్కలని ఒక్కొక్కటిగా కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలు, ప్రకాశాలు రాసిపెట్టారు. 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో నక్షత్రాలు ఎటు ఎంత జరిగాయో తేల్చడానికి ఆ పాత కొలతలే పనికొచ్చాయి. ఇరానీ చాయ్ మీద రాసినంత కాకపోయినా, ఆ గాజు పలకల మీద ఒక్క కథైనా రాశామా?

నిజానికి చూసే పద్ధతి కూడా మన దగ్గరే ఉంది. ముందు పెద్ద చుక్కని చూపించి, దాని పక్కనున్న చిన్నదాని మీదకి చూపు మళ్ళించడాన్ని స్థూలారుంధతీ న్యాయం అన్నారు. తెలిసిన వెలుగు నుంచి తెలియని వెలుగుకి పోవడమే కొలతలో జరిగేదీ. మనం వసిష్ఠుడి పక్కన చూపించే అరుంధతికి తనదైన చిన్న ఎర్ర తోడు నక్షత్రం ఒకటుందని 2009లో తేలింది. ఆ వార్త పెళ్ళిపందిట్లోకి రాకపోతే పోనీ, కవిత్వంలోకి కూడా ఎందుకు రాలేదు?