మెట్ట భూమి ఖాళీ భూమి కాదు: తర్లువాడ డేటా సెంటర్ ప్రతిపాదన

విశాఖపట్నం జిల్లా ఆనందపురం అనగానే ఉత్తరాంధ్ర వ్యవసాయ శాస్త్రవేత్తలకు గుర్తుకు వచ్చేది పూల మార్కెట్. ఆ మండలంలోని తర్లువాడ గ్రామం పేరు మాత్రం ఇప్పుడు వేరొక కారణంగా వినిపిస్తున్నది. విశాఖ ప్రాంతంలో ఒక గిగావాట్ సామర్థ్యం గల డేటా సెంటర్ల సముదాయాన్ని నెలకొల్పుతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఇందుకు ప్రతిపాదించిన మూడు స్థలాలలో అడవివరం, రాంబిల్లితో పాటు తర్లువాడ ఒకటి. అక్కడి రైతులు పలువురు భూములు ఇచ్చేందుకు అభ్యంతరం తెలిపారు. ఆ అభ్యంతరాన్ని అభివృద్ధి వ్యతిరేకత అని కొట్టివేయడం సులభం. కాని వ్యవసాయ శాస్త్ర దృష్టితో పరిశీలిస్తే అందులో బలమైన హేతువు కనిపిస్తుంది.

మొదటి ప్రశ్న భూమికి సంబంధించినది. రెవెన్యూ రికార్డులలో బంజరుగా నమోదై, తరువాత పేదలకు డి-పట్టాలుగా పంపిణీ అయిన మెట్ట భూములు ఉత్తరాంధ్రలో విస్తారంగా ఉన్నాయి. రికార్డు మారకపోయినా భూమి మారింది. ఎర్ర నేలలలో జీడిమామిడి, మామిడి, సరుగుడు వేళ్లూనాయి. జీడిమామిడి మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, పూర్తి దిగుబడి దశకు చేరడానికి ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా ఫలసాయం అందుతుంది. తోటల నడుమ పశువులు మేస్తాయి, ఎండు కొమ్మలు వంటచెరకు అవుతాయి, వేసవిలో గింజల సేకరణ కూలీలకు పని కల్పిస్తుంది. ఈ ప్రయోజనాలన్నీ సర్వే నంబరు పక్కన రాసిన ఒక్క పదంలో ఇమడవు.

చట్టంలోనూ ఈ లోపం ఉన్నది. 2013 భూసేకరణ చట్టం ఆహార భద్రత కోసం బహుళ పంటలు పండే సాగునీటి భూములకు ప్రత్యేక రక్షణ కల్పించింది. వర్షాధార తోటలకు అటువంటి రక్షణ దాదాపు లేదు. అదే చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా నిబంధన తాగునీటి వనరులు, పశువుల నీటి వనరులు, చెరువులు, మేత భూములు, తోటలపై పడే ప్రభావాన్ని పరిశీలించాలని చెబుతున్నది. మెట్ట రైతుకు మిగిలిన ముఖ్యమైన కవచం ఇదే. అయితే 2018 నాటి రాష్ట్ర సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను ఈ అంచనా నుంచి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఇంతటి భారీ ప్రతిపాదన విషయంలో ఆ అధికారాన్ని వినియోగించడం ఏ విధంగానూ సమంజసం కాదు.

రెండవ ప్రశ్న నీటిది. ఈ ప్రాంతపు బావులు ఖొండలైటు శిలలపై ఉన్న శిథిల పొరలోని నీటిపై ఆధారపడతాయి. ఆ పొర పరిమితమైనది. ఏటా వానతో నిండవలసిందే. 1,000 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఒక ఎకరంపై సుమారు 40 లక్షల లీటర్ల నీరు పడుతుంది. వాలు నేలపై చెట్లు ఉన్నంతకాలం అందులో కొంత ఇంకుతుంది, కొంత గెడ్డల ద్వారా చెరువులకు చేరుతుంది. అదే నేలను వందల ఎకరాల మేర చదును చేసి, కప్పులతో, కాంక్రీటుతో మూసివేస్తే ఇంకుడు తగ్గి, దిగువ పొలాలకు ఉద్ధృత ప్రవాహం మిగులుతుంది. సేకరణ జాబితాలో లేని దిగువ రైతు కూడా ఈ నష్టాన్ని భరిస్తాడు.

శీతలీకరణకు కావలసిన నీరు మరొక అంశం. ఒక యూనిట్ విద్యుత్తు వల్ల పుట్టే ఉష్ణాన్ని పూర్తిగా నీటి ఆవిరి ద్వారా తొలగించాలంటే సుమారు ఒకటిన్నర లీటరు నీరు ఆవిరి కావాలి. ఒక గిగావాట్ పూర్తి భారంతో పనిచేస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు ఖర్చవుతాయి. అంటే మూడు స్థలాలలో కలిపి గరిష్ఠంగా రోజుకు 3.6 కోట్ల లీటర్లు, ఏడాదికి 1.3 కోట్ల ఘనపు మీటర్లు. ఎకరానికి 2,000 ఘనపు మీటర్ల నీరు కోరే ఆరుతడి పంటను ఈ నీటితో సుమారు 6,500 ఎకరాలలో పండించవచ్చు.

గాలితోనో సముద్రపు నీటితోనో చల్లబరిస్తే మంచినీటి వాడకం బాగా తగ్గుతుందన్నది నిజమే. అయితే గాలితో చల్లబరచడానికి విద్యుత్తు ఎక్కువ కావాలి, ఆ విద్యుత్తు ఉత్పత్తికీ చాలాచోట్ల నీరే కావాలి. పైగా తర్లువాడ సముద్రపు ఒడ్డున లేదు. కనుక ఏ స్థలంలో ఏ పద్ధతి, ఏ వనరు నుంచి ఎంత నీరు అన్నది ముందుగానే లిఖితపూర్వకంగా తెలియాలి. విశాఖ నగరం ఇప్పటికే ఏలేరు, తాటిపూడి వంటి దూరపు జలాశయాల నీటిపై ఆధారపడుతున్నది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ది డాల్స్ అనే చిన్న నగరం గూగుల్ కేంద్రాల నీటి వాడకాన్ని వ్యాపార రహస్యంగా దాచింది. ఒక వార్తాపత్రికతో సాగిన న్యాయ వివాదం ముగిసిన తరువాత 2022లో వివరాలు వెల్లడయ్యాయి. నగరం వాడే నీటిలో నాలుగో వంతుకు మించి ఆ కేంద్రాలకే పోతున్నదని తేలింది. నెదర్లాండ్స్‌లోని జేవోల్డేలో 166 హెక్టార్ల సారవంతమైన సాగుభూమిలో మెటా సంస్థ డేటా సెంటర్‌కు 2021 డిసెంబరులో పురపాలక మండలి అనుమతించింది. 2022 మార్చి స్థానిక ఎన్నికలలో ఆ ప్రతిపాదనను వ్యతిరేకించిన పక్షం గెలిచింది; జులైలో సంస్థ వెనుదిరిగింది. సాగుభూమి వినియోగంపై తుది మాట ఊరిదే కావాలని అక్కడి ప్రజలు చాటారు.

ఉత్తరాంధ్ర యువతకు ఉద్యోగాలు కావాలి, రాష్ట్రానికి ఆదాయం కావాలి. వాటిని కాదనేవారు లేరు. అయితే నిర్మాణం ముగిసిన తరువాత డేటా సెంటర్లలో శాశ్వత ఉద్యోగాలు పెట్టుబడితో పోలిస్తే స్వల్పం. తోటలో పనిచేసిన కూలీకి అవి దక్కే అవకాశం ఇంకా స్వల్పం. డేటా సెంటర్‌కు సారవంతమైన నేల అవసరం లేదు. చదునైన స్థలం, విద్యుత్తు, కేబుల్, నీరు చాలు. పారిశ్రామిక అవసరాలకు ఇదివరకే సేకరించి నిరుపయోగంగా ఉంచిన భూములను ముందుగా పరిశీలించవలసి ఉండగా, కాపుకు వచ్చిన తోటను తొలగించడానికి సమర్థన దొరకదు. తర్లువాడ సాగుభూములను ఈ ప్రతిపాదన నుంచి తప్పించడమే న్యాయం.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ఇందులో స్పష్టమైన బాధ్యత ఉన్నది. బావుల నీటిమట్టాలు, తోటల వయసు, దిగుబడి, పశు సంపద, చెరువుల పరీవాహక ప్రాంతం - వీటి నమోదు యంత్రాలు రాకముందే జరగాలి, గ్రామసభ ముందు తెలుగులో చదివి వినిపించాలి. తొలగించిన తోట దిగుబడిని తరువాత ఎవరూ కొలవలేరు. కొలత లేని నష్టానికి పరిహారమూ ఉండదు.